పథ్యమంటే పస్తు కాదు

మన ఇళ్ళలో ‘పథ్యం’ అన్న మాట వినగానే రోగి ముఖం వాడిపోతుంది. పెరుగు వద్దు, పులుపు వద్దు, నెయ్యి వద్దు, అరటిపండు ఆ ఛాయలకే రాకూడదు. ఇట్లా ‘వద్దు’ల పట్టికకే మనం పథ్యమని పేరు పెట్టుకున్నాం. ఆ మాటకు మొదటి అర్థం అది కాదు. పథమంటే దారి. దారికి తగినది, ఒంటికి హితమైనది పథ్యం. చరకుడు ఆ మాటను వివరిస్తూ, దేహమార్గాలకు హాని చెయ్యనిదీ, మనస్సుకు ఇష్టమైనదీ పథ్యమన్నాడు. మనస్సుకు ఇష్టం కావాలన్న రెండో షరతును మనవాళ్ళు ఎప్పుడు ఎగరగొట్టారో గాని, అది మాత్రం ఇప్పుడు ఏ ఇంట్లోనూ కనిపించదు. మన తెలుగులోనూ నిన్నమొన్నటి దాకా ‘ఇవాళ పథ్యం పెట్టారు’ అంటే జ్వరం విడిచిన మనిషికి అన్నం పెట్టారనే అర్థం. బీరకాయ కూరో, పెసరకట్టో, కరివేపాకు పొడో కలిపి ఇంత మెత్తని అన్నం పెట్టటమే పథ్యం. పోను పోను పెట్టటం పోయి, మానిపించటం మిగిలింది.

క్లాసులో అయితే దీన్ని అర్థవిపరిణామం కింద ఒక ఉదాహరణగా చెప్పి ఊరుకునేదాన్ని. కాని ఈ మాటకు అర్థం మారినందువల్ల ఒక మనిషి ఏడాదిలో పదకొండు కిలోలు తగ్గిపోవటం చూశాక, వ్యవహారం క్లాసుతో తేలేది కాదనిపించింది.

ఆవిడ మా పెద్దమ్మ. డెబ్భై దాటిన మనిషి. దివిసీమలో ఒక పల్లెటూళ్ళో కొడుకూ కోడలి దగ్గర ఉంటుంది. చుట్ట ఎరగదు, బీడీ ఎరగదు. ఆవిడ పీల్చిన పొగ అంతా పొయ్యిపొగే. పదహారో ఏట కాపరానికి వచ్చింది మొదలు కందికంప, పిడకలు, తాటిమట్టలు, వానాకాలమైతే తడికట్టెలు. ఊదుగొట్టం నోట పెట్టుకుని ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంటెడుమందికీ వండి పెట్టింది. 1999లో ‘దీపం’ పథకం వచ్చిన తరువాత, డ్వాక్రా సంఘంలో సభ్యురాలైనందుకు ఆవిడకూ ఒక గ్యాస్ బండ వచ్చింది. అప్పటికే ఊపిరితిత్తులకు జరగవలసినది జరిగిపోయింది. బయటపడటానికి మాత్రం మరి కొన్నేళ్ళు పట్టింది.

మొదట పొద్దున్నే దగ్గు, కళ్ళె. తరువాత బావి దాకా వెళ్ళివస్తే ఆయాసం. ఆ తరువాత తల దువ్వుకుంటేనే ఆయాసం. ఊరందరూ ఉబ్బసమన్నారు. గొట్టంలోకి ఊపిరి ఊదించి కొలిచే పరీక్ష చేశాక డాక్టరుగారు ఇది ఉబ్బసం కాదు, సి.ఓ.పి.డి. అన్నారు. ఉబ్బసంలో ముడుచుకున్న గాలిగొట్టాలు మందుతో చాలావరకు తిరిగి తెరుచుకుంటాయి. ఇందులో పూర్తిగా తెరుచుకోవు. గొట్టాలు ఇరుకైపోతాయి, వాటి చివరనున్న గాలిబుడగల గోడలు చిరిగి సాగిపోతాయి. పీల్చిన గాలి లోపల చిక్కుపడి బయటికి రాదు. ఇదేదో అరుదైన జబ్బనుకునేరు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కలో 2021లో 35 లక్షలమందిని పొట్టనపెట్టుకున్నది ఇదే. పొగాకు తరువాత, మన వంటి దేశాలలో, వంటింటి పొగ దీనికి పెద్ద కారణం.

మా వదిన మంచిది. అత్తగారిని పల్లెత్తుమాట అనదు. జబ్బు పేరు తెలిసిన మర్నాటి నుంచీ ఆవిడ భక్తిగా పథ్యం మొదలుపెట్టింది. పాలు కఫం చేస్తాయి, మానిపించింది. పెరుగు చలవ, మానిపించింది. అరటిపండుకు జలుబు, జామపండుకు దగ్గు. నెయ్యి గుండెల్లో పేరుకుంటుందని ఎవరో చెప్పారట. కందిపప్పు వాతం. వేరుసెనగ ఊసే లేదు. ఇన్ని పోగా మిగిలినవి చారన్నం, జావ, రాత్రికి రెండు ఇడ్లీలు. పెద్దమ్మకు కోడి గుడ్డయినా పెడదామంటే పెదనాన్న పోయిన నాటినుంచీ ఆవిడ నీచు ముట్టదు. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి కూడా తీసుకుపోయారు. అక్కడ కొర్రమీను మింగలేని శాకాహారులకు బెల్లంలో పెట్టి ఇస్తారు. ఆ మందు గుణం శాస్త్రపరీక్షలో రుజువైనది కాదు, దాని సంగతి అట్లా ఉంచండి. దానితోపాటు నలభై అయిదు రోజుల పథ్యమొకటి వచ్చి పాత పట్టికకు తోడైంది.

నలభై ఎనిమిది కిలోల మనిషి ముప్ఫై ఏడుకు దిగింది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఇంట్లో అందరూ జబ్బు ముదిరిందనుకున్నారు. ఛాతీ డాక్టరుగారు ఆవిడను త్రాసు మీద నిలబెట్టి, ఏమి తింటున్నదో మొదటినుంచి చివరిదాకా అడిగి, వదినతో ఒక్కటే అన్నారు: “జబ్బు సంగతి నేను చూసుకుంటానమ్మా, ఈవిడకు ముందు అన్నం పెట్టండి.” వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తగారికి అన్నం పెట్టటంలేదన్న మాట ఏ కోడలు పడుతుంది!

అసలు కిటుకు ఇక్కడున్నది. ఊపిరి పీల్చటం మనకు పనిగా తోచదు. ఆరోగ్యవంతుడి ఒంట్లో దానికయ్యే ఖర్చు చాలా కొద్ది. ఈ జబ్బు మనిషికి అదొక కూలిపని. పక్కటెముకల మధ్య కండరాలు, మెడ కండరాలు, పొట్టపైన గొడుగులా ఉండే ఉదరవితానం, ఇవన్నీ రాత్రనక పగలనక మూసుకుపోతున్న తలుపును తోస్తూనే ఉంటాయి. ఊపిరికయ్యే ఖర్చు పది రెట్ల దాకా పెరగవచ్చునని వైద్యులంటారు. ఇట్లాంటి మనిషికి జావ పోసి కూర్చోబెడితే ఒళ్ళు ఏం చేస్తుంది? తన కండ తానే కరిగించుకు తింటుంది. ఆ కరిగే కండలో ఊపిరి లాగే కండా ఉన్నది. తిండి తగ్గితే ఊపిరి లాగే బలం తగ్గుతుంది. ఆయాసం పెరుగుతుంది. ఆయాసంతో తిండి ఇంకా తగ్గుతుంది.

2004లో వైద్యులు ఈ రోగుల ఆయుర్దాయాన్ని అంచనా కట్టటానికి ‘బోడ్’ అనే కొలమానం ఒకటి తయారుచేశారు. అందులో ఊపిరి కొలత, ఆయాసం, ఆరు నిమిషాలలో నడవగలిగిన దూరం ఉన్నాయి సరే, వాటి సరసన బరువు కూడా ఉన్నది. కిలోలలో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె 21 గాని, అంతకు తక్కువగాని అయితే రోగికి ముప్పు ఎక్కువ. మీ ఇంట్లో రోగి ఉంటే ఈ లెక్క ఇవాళే వేసి చూడండి. మా పెద్దమ్మ ఎత్తు మీటరున్నర. ఆవిడ అంకె పదహారున్నర కూడా రాలేదు. బక్కచిక్కిన ఇట్లాంటి రోగులకు అదనంగా ఆహారమిస్తే బరువు పెరుగుతారని, నడక కూడా కొంత మెరుగవుతుందని, పలు పరీక్షలను కలిపి చూసిన 2012 నాటి కాక్రేన్ సమీక్ష చెబుతున్నది.

లంఖణం పరమౌషధమని మా అన్నయ్య ఒక సామెత విసిరాడు. ఆ లంఖణం జ్వరం మొదట్లో కడుపుకు విశ్రాంతి ఇవ్వటానికి చెప్పినది. ఏళ్ళ తరబడి ఉండే శ్వాసరోగానికి కాదు. చరకసంహిత చికిత్సాస్థానంలో పదిహేడో అధ్యాయం ఎక్కిళ్ళకూ శ్వాసరోగాలకూ సంబంధించినదే. రోగిని పుష్టిపరిచే చికిత్సలో పొరపాటు జరిగినా అది కొద్దిది, సరిదిద్దుకోవచ్చు, కృశింపజేసే చికిత్సలో వచ్చే చేటు పెద్దది, సరిదిద్దటం కష్టం అన్న అర్థం వచ్చే మాట అందులోనే ఉన్నది. అన్నయ్యకు ఇంగ్లీషు డాక్టరు చెబితే నచ్చలేదు గాని చరకుడు చెబితే నచ్చింది. ఎవరు చెబితే నేమి, పప్పు మళ్ళీ పొయ్యెక్కింది.

అయితే ‘బాగా పెట్టండి’ అనటం తేలిక. పెద్దమ్మ ఏమన్నదంటే, “రెండు ముద్దలు తినేసరికి పొట్ట బిగుస్తుందే అమ్మాయ్, మూడో ముద్దకు ఊపిరందదు. తిననా, ఊపిరి పీల్చనా?” ఇది వట్టి మారాము కాదు. చిక్కుపడిన గాలితో ఊపిరితిత్తులు ఉబ్బి ఉదరవితానాన్ని కిందికి అదిమి ఉంచుతాయి. కింద నుంచి నిండిన కడుపు పైకి తోస్తుంది. నడుమ ఆ గొడుగు కదలటానికి చోటుండదు. పైగా నమిలేటప్పుడూ మింగేటప్పుడూ క్షణం సేపు ఊపిరి ఆపుకోవాలి. మనకు తెలియని ఆ క్షణం వారికి తెలుస్తుంది.

అందువల్ల రెండుపూటల భోజనాన్ని ఆరు ముక్కలు చెయ్యాలి. పెద్దమ్మ దినచర్య ఎట్లా మార్చారో చెబుతాను. మీ ఇంటి అలవాటును బట్టి మీరు మార్చుకోవచ్చు. పొద్దున్న లేవగానే పంపు మందు పీల్చి, కళ్ళె బయటికి తెచ్చుకుని, నోరు పుక్కిలించి, ఓ పావుగంట ఊరికే కూర్చుంటుంది. అలిసిపోయి పీట ముందు కూర్చుంటే సగం ఆకలి చస్తుంది. అప్పుడు గ్లాసు పాలు. ఎనిమిదింటికి నెయ్యి వేసిన పెసరట్టు ఒకటి. పెసలు రాత్రంతా నానబెట్టి, అల్లం, జీలకర్ర వేసి రుబ్బినది. పదకొండింటికి అరటిపండు, గుప్పెడు వేయించిన వేరుసెనగలు. పళ్ళు సరిగా లేవు గనుక బెల్లంతో కలిపి దంచి ఉండ చేస్తారు. ఒంటిగంటకు మెత్తని అన్నం, ముద్దపప్పు, ఓ చెంచా నెయ్యి, ఆకుకూర, పెరుగు. నాలుగింటికి నువ్వులుండో, సున్నుండో. ఏడు లోపల మళ్ళీ కొద్దిగా అన్నం పప్పుతో. పడుకోబోయే ముందు, వెంటనే కాదు, గంట ముందు అరగ్లాసు పాలు.

ఇందులో గారడీ ఏమీ లేదు, లెక్క ఉన్నది. ఇట్లాంటి రోగికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. నలభై కిలోల మనిషికి దాదాపు 48 నుంచి 60 గ్రాములు. అరలీటరు పాలు, పెరుగు కలిపి సుమారు 16 గ్రాములు, యాభై గ్రాముల కందిపప్పులో 11, అంతే పెసలలో మరి 11, ముప్ఫై గ్రాముల వేరుసెనగలో 7, రెండుపూటలా తినే కాస్త అన్నంలో ఓ పది. గుడ్డు లేకుండానే సరిపోయింది. గుడ్డు తినేవారికైతే ఒక్కొక్కదానికీ ఆరు గ్రాములు కలుస్తాయి, ఇంకా సుఖం. ఇక నెయ్యి. చెంచాడు నెయ్యిలో 45 క్యాలరీలున్నాయి. కడుపులో చోటు ఆక్రమించకుండా బలమిచ్చే వస్తువు ఇంతకు మించి మన వంటింట్లో లేదు. మూడు ముద్దలకు మించి తినలేని మనిషికి ఆ మూడు ముద్దలలోనే సారమంతా పెట్టాలి గాని, చారు పోసి కడుపు నింపితే ఏం లాభం?

నీళ్ళు భోజనం మధ్య కాక భోజనాల నడుమ తాగాలి. నీళ్ళు తగ్గిస్తే కళ్ళె చిక్కబడుతుంది గనుక మానటానికి వీల్లేదు. నిటారుగా కూర్చుని, నెమ్మదిగా తినాలి. గబగబా తింటే అన్నంతో పాటు గాలి కూడా మింగుతారు. సోడాలు వద్దు. క్యాబేజీ, సెనగలు, మినుములు అందరికీ పడకపోవు. పడనివారు మానుకుంటే చాలు, లోకమంతా మానక్కరలేదు. ఇంట్లో ఆక్సిజను వాడుతున్నవారు డాక్టరు అనుమతితో ముక్కుగొట్టం పెట్టుకునే భోజనం చెయ్యవచ్చు. తినేటప్పుడు తీసెయ్యటం మర్యాద అనుకుని చాలామంది తీసేస్తారు. ఆక్సిజను ఎక్కువ అవసరమయ్యేది అప్పుడే!

పాలు కఫం చేస్తాయన్న దానితో వదినకు చివరిదాకా పేచీయే. పాలు తాగాక గొంతులో ఏదో చిక్కగా పట్టినట్లు ఉండటం నిజమే. అది పాలూ లాలాజలమూ కలిసిన పూత మాత్రమే, ఊపిరితిత్తులలో పుట్టిన కఫం కాదు. 1990లో ఆస్ట్రేలియాలో అరవైమందికి జలుబు పురుగును ఎక్కించి, ఎవరెన్ని పాలు తాగారో, ఎంత చీమిడి వచ్చిందో రోజూ తూచి చూశారు. ఓపిక గల మనుషులు! రెండింటికీ సంబంధం కనపడలేదు. అయినా సరే, పాలు తాగితే నాకు పడదు అని రోగే చెబితే పెరుగు ఇవ్వండి, పెరుగూ పడదంటే పప్పు పెంచండి. రోగి మాట వినండి, పక్కింటివారి మాట కాదు.

ఈమధ్య మరొక రకం పథ్యం బయలుదేరింది. అన్నం తింటే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు ఎక్కువ పుడుతుంది, అందువల్ల ఈ రోగులు అన్నమే మానెయ్యాలట. పిండిపదార్థం మండితే కొవ్వు కన్న ఎక్కువ వాయువు పుట్టేమాట వాస్తవమే. కాని తరువాతి పరిశీలనలలో తేలినదేమంటే, వాయువు పెరిగేది ముఖ్యంగా ఒంటి అవసరాన్ని మించి మేపినప్పుడు. ముప్ఫై ఏడు కిలోల మనిషి విషయంలో ఆ భయం ఎక్కడిది? పొట్టనిండా ఒకేసారి అన్నం కుక్కకుండా ఉంటే చాలు.

పూర్తిగా వదులుకోవలసినది ఏదైనా ఉన్నదా అంటే, ఉప్పు తగ్గించాలి. ఈ జబ్బు ముదిరితే గుండె కుడిభాగం మీద భారం పడి కాళ్ళకు నీరు దిగుతుంది. ఉప్పు ఆ నీటిని పట్టి ఉంచుతుంది. మన ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు అన్నీ ఉప్పుగనులే. కృష్ణాజిల్లా మనిషిని ఆవకాయ మానమనటం అమానుషం గనుక, డాక్టరుగారిని అడిగి వారానికి రెండుసార్లు ముక్క లేకుండా కాస్త గుజ్జు అని రాజీపడ్డారు. దానితో నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతున్నాయని వదినే చెప్పింది. మనస్సుకు ఇష్టమైనదన్న చరకుడి షరతు ఊరికే పోలేదు.

మందులకూ తిండికీ కొన్ని లంకెలున్నాయి. స్టెరాయిడ్ ఉన్న పంపు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. లేకపోతే నోట్లో తెల్లపూత పూసి అన్నం తినటమే కష్టమవుతుంది. స్టెరాయిడ్ మాత్రలు తరచు వాడేవారికి ఎముకలు గుల్లబారతాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది. పాలు, నువ్వులు, కాస్త పొద్దుటెండ వారికి మరీ అవసరం. థియోఫిలిన్ మాత్రలు వాడేవారు కాఫీ గ్లాసుల మీద గ్లాసులు తాగితే గుండెదడ పట్టుకుంటుంది. రెండూ ఒకే జాతివి. మూత్రపిండాల జబ్బున్నవారు పప్పూ పండూ పెంచేముందు వైద్యుణ్ణి అడగాలి, మధుమేహమున్నవారు బెల్లపుండలు నాచేత తినిపించుకున్నామనకూడదు. ఒళ్ళు బరువెక్కి ఆయాసపడేవారి దారి వేరు. వారికి నెయ్యి కాదు, బరువు దించటమే మందు. అదైనా పస్తులతో కాదు, కండ పోకుండా.

ఏ తిండీ చిరిగిన గాలిబుడగను అతకదు. ఫలానా కషాయం ఊపిరితిత్తులను కడుగుతుందని ఎవరైనా చెబితే డబ్బు దాచుకోండి. పంపు మందులు, ఏటేటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పిన కసరత్తు వాటి చోట అవి ఉండవలసిందే. కసరత్తు లేకుండా తిన్న మాంసకృత్తులు కండగా మారవు కూడా. అందుకని పెద్దమ్మ సాయంత్రం నువ్వులుండకు ముందు వసారాలో ఈ చివరినుంచి ఆ చివరికి పెదవులు సున్నాగా చుట్టి ఊపిరి వదులుతూ నడుస్తుంది.

ఆరు నెలలకు నలభై ఒక్క కిలోలకు వచ్చింది. ఆయాసం పోలేదు, పోదు. కాని తల తానే దువ్వుకుంటున్నది, తులసికోట దాకా వెళ్ళి దీపం పెట్టి వస్తున్నది. పదిహేను రోజులకొకసారి పాలకేంద్రంలోని త్రాసు మీద నిలబడి అంకె గోడమీద బొగ్గుతో రాయిస్తున్నది.

ఒక పేచీ మాత్రం తెగలేదు. స్నానానికి నీళ్ళు ఇప్పటికీ దొడ్లో కట్టెల పొయ్యి మీదే కాగుతున్నాయి. గాలి తిరిగిందంటే పొగ నేరుగా వసారాలోకి వస్తుంది. పొయ్యి దగ్గర కూర్చునేది వదిన, ఆవిడకూ పొద్దున్నే దగ్గు మొదలైంది. కరెంటు హీటరు కొనమంటే అన్నయ్య సంక్రాంతి వెళ్ళనివ్వమంటున్నాడు. పెద్దమ్మ మాత్రం, తన మందుల డబ్బులో మిగిల్చి అయినా సరే ఈ నెలలోనే కొనమని పట్టుబట్టి కూర్చున్నది.